మాడ్యులర్ సింథ్ పాడ్‌కాస్ట్ ఒకటి విన్నా, అప్పట్నుంచి వేరే ధ్యాస లేదు. వైజాగ్‌లో ఉండి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫార్మాబస్_వయొలిన్:

అందరికీ నమస్తే. ఎంవీపీ కాలనీలో ఉంటా, ఉద్యోగం పరవాడ ఫార్మాసిటీలో. కంపెనీ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. నైట్ షిఫ్ట్ దిగి వచ్చేటప్పుడు ఫోన్‌లో తంబూరా శ్రుతి పెట్టుకుని కళ్లు మూసుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. పోయిన నెల ఒకరోజు అలాగే పెట్టుకున్నా, అది అయిపోయి దానంతటదే ఇంకేదో మొదలైంది, ఇంగ్లిష్‌లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, వోల్టేజ్ అంటారు ప్యాచ్ అంటారు గేట్ అంటారు, వాళ్లు మాట్లాడేది మ్యూజిక్ గురించే అని నాకు తెలియడానికి పది నిమిషాలు పట్టింది. పేరు చూస్తే వై వి బ్లీప్. మైలార్ మెలడీస్ అనే పేరుతో సింథ్ వీడియోలు చేసే ఆయన నడుపుతాడు, సింథసైజర్లు తయారుచేసేవాళ్లనీ వాయించేవాళ్లనీ కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడిస్తాడు. కూర్మన్నపాలెం దాటేసరికి నా నిద్ర ఎగిరిపోయింది. మద్దిలపాలెంలో దిగి ఇంటికి నడుస్తూ కూడా చెవుల్లోంచి తియ్యలేదు.

ఆ రోజు పడుకోకుండా యూట్యూబ్‌లో మాడ్యులర్ సింథ్ అనే ఆ మెషీన్లు చూశా. కీబోర్డ్ లేదు, స్క్రీన్ లేదు, ఒక పెట్టె నిండా మాడ్యూల్స్ అనే విడివిడి ముక్కలు, వాటి మీద నాబ్‌లు, వాటి మధ్య రంగురంగుల వైర్లు. ఒకావిడ ఒకే ఒక్క నాబ్ చాలా మెల్లగా తిప్పుతుంటే, మోగుతున్నది ఒకటే స్వరం, దాని లోపల్నుంచి పంచమం బయటికొచ్చింది, ఆ పైన గాంధారం వచ్చింది. తంబూరాకి చెవి ఆనించి కూర్చుంటే వినపడేది అదే కదా! నాకు ఒళ్లు జలదరించింది.

నా సంగతి చెప్తా. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నా, వర్ణాల దాకా వచ్చి ఇంటర్‌లో ఆగిపోయింది. చేతులు మర్చిపోయాయి గానీ చెవి ఉందనే నమ్మకం. ఇంట్లో పాత ఐ3 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. మహా అయితే 15 వేలు పెట్టగలను. ఇక్కడ ముట్టుకుని చూడ్డానికి షాపులో ఒక్క మాడ్యులర్ కూడా నాకు కనపడలేదు. డబ్బు పెట్టకుండా ముందు ఏం చెయ్యాలి? ఆ వోల్టేజ్ సంగతి ఎవరైనా తెలుగులో చెప్తారా? అన్నిటికన్నా ముఖ్యం, మన శ్రుతి, మన గమకం ఈ మెషీన్‌లో పలుకుతాయా, లేక అది వేరే లోకమా? ఎవరైనా చేసి చూసినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.


అల_వెనక_అల:

బ్రో నీ పోస్ట్ రెండుసార్లు చదివా, నాలుగేళ్ల కింద నేను ఇలాగే ఉన్నా. ముందు ఒక మాట, ఆ 15 వేలు బ్యాంకులోనే ఉంచు. వీసీవీ ర్యాక్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, 2017లో వచ్చింది, ఇప్పుడు రెండో వెర్షన్ నడుస్తోంది, మామూలు వెర్షన్ పూర్తిగా ఉచితం, విండోస్ మీద లైనక్స్ మీద కూడా నడుస్తుంది. నువ్వు వీడియోలో చూసిన పెట్టె అచ్చం అలాగే స్క్రీన్ మీద కనిపిస్తుంది, మౌస్‌తో వైర్లు లాగి పెట్టుకోవడమే. చిన్న ప్యాచ్‌లని, అంటే మాడ్యూల్స్‌ని వైర్లతో కలిపిన అల్లికల్ని, నీ ఐ3 బాగానే తట్టుకుంటుంది, చిటపట శబ్దం వస్తే ఆడియో మాడ్యూల్‌లో బ్లాక్ సైజ్ పెంచు, పోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ముందు మాత్రం వాల్యూమ్ బాగా తగ్గించు, ఒక తప్పు వైర్ చాలు చెవిలో కేక పెట్టడానికి.

మామూలుగా అందరూ మొదటి ప్యాచ్ అంటే ఆసిలేటర్ (స్వరం పుట్టించేది), ఫిల్టర్ (అందులో కొంత కోసేది), వీసీఏ (గట్టితనం మార్చేది) అని ఒక వరస చెప్తారు, అది నువ్వు ఏ వీడియోలోనైనా చూస్తావ్. నేను నీకు వేరేది చెప్తా. నువ్వు ఎంవీపీలో ఉంటావ్, సముద్రం నడిచి వెళ్లే దూరం. మొదటి ప్యాచ్‌గా సముద్రం చెయ్యి.

ఎలాగంటే, ఫండమెంటల్ అనే కట్టలో నాయిజ్, అంటే ఒట్టి హోరు పుట్టించే మాడ్యూల్ ఉంటుంది, అందులో పింక్ అని రాసిన దాన్నుంచి వైరు తీసి వీసీఎఫ్‌లో పెట్టు. వీసీఎఫ్ అంటే ఫిల్టర్, లోపాస్ అంటే పైన సన్నటి శబ్దం కోసి కిందది పోనిచ్చేది, దాని లో‌పాస్ అవుట్‌లోంచి వీసీఏకి, వీసీఏ నుంచి ఆడియోకి. ఇప్పుడు నీకు ఒక ఎడతెగని బుస్స్ వినపడుతుంది, అంతే. దానికి ప్రాణం పొయ్యడానికి ఎల్‌ఎఫ్‌ఓ తీసుకో. అది కూడా ఆసిలేటరే, కాకపోతే చెవికి వినపడనంత నిదానం, 0.1 హెర్ట్జ్ పెడితే పది సెకన్లకి ఒక చుట్టు తిరుగుతుంది. దాని సైన్ అవుట్ ఫిల్టర్ కటాఫ్‌కి (ఎక్కడ కోయాలో చెప్పేది) ఇచ్చి పక్కనున్న చిన్న నాబ్ కొద్దిగా తిప్పు, అదే ఎల్‌ఎఫ్‌ఓని వీసీఏకి కూడా ఇవ్వు, కానీ యూనిపోలార్‌లో పెట్టి ఇవ్వు, లేకపోతే సగం సేపు వోల్టేజ్ జీరో కిందకి పోయి శబ్దం ఉండదు. అల వస్తుంది. వెళ్తుంది. వస్తుంది.

రెండు నిమిషాలు విను, నీకే విసుగొస్తుంది, ఎందుకంటే నిజం సముద్రంలో ఏ రెండు అలలూ ఒకేలా రావు. అప్పుడు 0.07 దగ్గర ఇంకో ఎల్‌ఎఫ్‌ఓ పెట్టి రెండూ కలుపు, రెండూ ఎప్పుడో గానీ ఒకచోట కలవవు కాబట్టి ఒక అల పెద్దది ఒక అల చిన్నది అవుతుంది. ఆ తర్వాత నేను ఏమీ చెప్పను. బీచ్‌కి వెళ్లు, కళ్లు మూసుకుని కూర్చో, అల శబ్దంలో ఎన్ని ముక్కలున్నాయో విని వచ్చి ఇక్కడ రాయి.

పాడ్‌కాస్ట్‌ల సంగతి, వై వి బ్లీప్‌తో పాటు ఆర్ట్ ప్లస్ మ్యూజిక్ ప్లస్ టెక్నాలజీ అనేది తప్పకుండా విను. డార్విన్ గ్రోస్ అనే ఆయన ఏళ్ల తరబడి చేశాడు, మ్యాక్స్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సైక్లింగ్ 74లో పనిచేసేవాడు. ఆయన 2022లో పోయారు. ఎదుటివాళ్లని మాట్లాడనిచ్చే పద్ధతి ఆయన దగ్గర నేర్చుకోవాలి, ఒక్క ప్రశ్న వేసి ఊరుకునేవాడు. పోడ్యులర్ మోడ్‌కాస్ట్ కూడా ఉంది, అది అచ్చంగా మాడ్యులర్ గురించే. మూడూ ఒకేసారి మొదలుపెట్టకు, పరవాడ వెళ్లేటప్పుడు ఒక ఎపిసోడ్ విను, వచ్చేటప్పుడు ఖాళీగా బస్సు ఇంజన్ విను. నిజంగా చెప్తున్నా, ఆ ఇంజన్‌లో ఏ స్వరం ఉందో పట్టుకో.


ఉక్కునగరం_ఇన్‌స్ట్రుమెంట్:

బాబూ, నేను స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ముప్పై ఏళ్లు పైన చేసి రిటైరయ్యాను. సంగీతం నాకు రాదు, వినడమే. మా అబ్బాయి ఈ పెట్టెలు చూపించినప్పుడు ఇదేటి, ఇది మన కంట్రోల్ రూమే కదా అనిపించింది. నువ్వు ఫార్మాలో ఉన్నావు కాబట్టి నీకు చిటికెలో అర్థమవుతుంది, విను.

మీ రియాక్టర్ మీద టెంపరేచర్ ట్రాన్స్‌మిటర్ ఉంటుంది కదా, అది 4 నుంచి 20 మిల్లీఆంపుల సిగ్నల్ పంపుతుంది, అవతల వాల్వు ఆ సిగ్నల్‌ని బట్టి తెరుచుకుంటుంది. వాల్వు తిప్పేది మనిషి చెయ్యి కాదు, సిగ్నలు. ఇక్కడా అదే. ఫిల్టర్ మీద నాబ్ ఉంది, దాన్ని నీ చెయ్యైనా తిప్పొచ్చు, ఇంకో మాడ్యూల్ నుంచి వచ్చే వోల్టేజైనా తిప్పొచ్చు. వీసీఓ, వీసీఎఫ్, వీసీఏ అని మూడింటికీ ముందు వీసీ అని ఉండేది అందుకే, వోల్టేజ్ కంట్రోల్డ్. ఆసిలేటర్‌కి వోల్టేజ్ ఇస్తే శ్రుతి మారుతుంది, ఫిల్టర్‌కి ఇస్తే నాదం మెరుపు మారుతుంది, యాంప్లిఫయర్‌కి ఇస్తే గట్టితనం మారుతుంది.

లెక్క ఏంటంటే ఒక వోల్టు పెంచితే ఒక స్థాయి పైకి. మధ్యస్థాయి సా నుంచి తారస్థాయి సా. అందులో పన్నెండు మెట్లు కాబట్టి మెట్టుకి 83.3 మిల్లీవోల్టులు. వీసీవీ ర్యాక్‌లో జీరో వోల్టు అంటే 261.63 హెర్ట్జ్, ఒక వోల్టు ఇస్తే దానికి సరిగ్గా రెట్టింపు. మాకు జీరో మిల్లీఆంప్ వచ్చిందంటే వైరు తెగింది అని అర్థం, అందుకే మా లెక్క నాలుగుతో మొదలు. వీళ్లకి జీరో కూడా ఒక స్వరమే. ఈ తేడా చూసి నాకు చాలా ముచ్చటేసింది.

దీన్ని ఇలా పెట్టింది అమెరికాలో రాబర్ట్ మూగ్, 1964లో. అదే రోజుల్లో అటు కాలిఫోర్నియాలో డాన్ బుక్లా ఇంకో దారి పట్టాడు, కీబోర్డ్ వద్దని టచ్ ప్లేట్లు పెట్టాడు. ఇప్పుడు అందరూ కొనే చిన్న సైజు యూరోర్యాక్ మాత్రం జర్మనీలో డోప్ఫర్ ఏ-100తో వచ్చింది, 1995 ప్రాంతంలో. ప్యానల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన కొలుస్తారు, సప్లై ప్లస్ 12, మైనస్ 12. ఇవి తెలిస్తే ఎవడైనా తన మాడ్యూల్ తను చేసుకోవచ్చు.

నీకు చేతితో ముట్టుకునేది కావాలంటే, డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో 40106 అని అడుగు, ఐసీ. ఒక బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా ముక్కలు గుచ్చే బోర్డు), 9 వోల్టుల బ్యాటరీ, 100కె పాట్ (తిప్పే రెసిస్టర్) ఒకటి, 1కె రెసిస్టర్ ఒకటి, 104 అని రాసున్న కెపాసిటర్ ఒకటి. పాట్, 1కె సిరీస్‌లో పెట్టి ఐసీ ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య వెయ్యి, ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి కెపాసిటర్. అంతే, ఆసిలేటర్. పాట్ పూర్తిగా ఉంటే వంద హెర్ట్జ్ చుట్టుపక్కల గుర్రుమంటుంది, తగ్గిస్తుంటే పైకి లేస్తుంది. ఒక ఐసీలో ఇలాంటివి ఆరు పెట్టొచ్చు. వాడని ఇన్‌పుట్‌లు గాల్లో వదిలెయ్యకు, గ్రౌండ్‌కి కట్టెయ్యి. పాట్ బదులు ఎల్‌డీఆర్, అంటే వెలుగుని బట్టి మారే రెసిస్టర్, పెడితే నీ చేతి నీడకి స్వరం మారుతుంది. మా మనవరాలు దాని మీద అరచెయ్యి ఆడిస్తూ అరగంట కదల్లేదు.


ఐదున్నర_శ్రుతి:

నమస్కారం. నేను సీతమ్మధారలో పిల్లలకి వయొలిన్, గాత్రం చెప్తాను. చివర్లో మీరు అడిగిన ప్రశ్న కోసమే రాస్తున్నాను.

మా తమ్ముడు లాప్‌టాప్‌లో ఈ ర్యాక్ పెట్టిచ్చాక నేను మొదట చేసింది తంబూరానే. పైన మాస్టారు చెప్పిన జీరో వోల్టు మన లెక్కలో ఒకటి శ్రుతి. నాది ఐదున్నర, అంటే అక్కణ్ణుంచి ఎనిమిది మెట్లు పైన, 0.667 వోల్టు. ఆడవాళ్ల గొంతుకి అది ఒక స్థాయి కింద ఉండాలి కాబట్టి ఒక వోల్టు తీసేస్తే మైనస్ 0.333. మూడు ఆసిలేటర్లు పెట్టాను, రంపపు పళ్లలా ఉండే సా టూత్ తరంగం, ఎందుకంటే దాంట్లో అన్ని అనుస్వరాలూ, అంటే ఒక స్వరం లోపల దాగి మోగే పై స్వరాలు, ఉంటాయి, స్క్వేర్ తరంగంలో బేసి సంఖ్యవే ఉంటాయి. రెండు షడ్జాలు, ఒక పంచమం. రెండు షడ్జాలనీ అర హెర్ట్జ్ తేడాలో ఉంచితే రెండు సెకన్లకోసారి మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. ఫిల్టర్‌లో రెజొనెన్స్ (కోసే చోట శబ్దాన్ని ఎత్తి చూపేది) కొంచెం పెంచి కటాఫ్ నిదానంగా కదిలిస్తే ఒక్కో అనుస్వరం పైకి తేలుతుంది. మీరు వీడియోలో విని ఒళ్లు జలదరించిందన్నారే, అది ఇదే. తంబూరాలో ఆ పని జీవాళి దారం చేస్తుంది.

ఇక్కడ చెవి కావాలి. పంచమాన్ని ఏడు మెట్లు అని అంకె వేసి వదిలేస్తే 700 సెంట్లు (మెట్టుకి వంద) అవుతుంది, శుద్ధమైన పంచమం 702. ఆ రెండు సెంట్లు సర్దుకోవచ్చు. అంతర గాంధారం దగ్గర మాత్రం సర్దుకోలేం, మెషీన్ 400 అంటుంది, తంబూరాలోంచి పలికే గాంధారం 386. పద్నాలుగు సెంట్లు, వోల్టుల్లో చూస్తే 11 మిల్లీవోల్టుల పైన. పక్కనే శ్రుతి మోగుతుంటే ఆ తేడా గరుకుగా తగులుతుంది. అందుకని అంకెలు నమ్మకండి, ఫ్రీక్వెన్సీ నాబ్ పట్టుకుని మెల్లగా ఆ గరుకు పోయేదాకా తిప్పండి. వయొలిన్ తీగ శ్రుతి చేసిన చెయ్యి మీది, మీకు వస్తుంది.

క్వాంటైజర్ అని ఒకటుంది, ఏ వోల్టేజ్ ఇచ్చినా మనం ఎంచుకున్న స్వరాల మీదకే తెస్తుంది. స రి గ ప ద ఎంచి, దానికి ర్యాండమ్ వోల్టేజ్ ఇస్తే మోహనం స్వరాలు వాటంతటవే రాలుతుంటాయి. చాలామంది అక్కడ ఆగిపోయి మోహనం వాయించేశా అంటారు. నేను ఒప్పుకోను. స్వరాలు ఉన్నాయి, రాగం లేదు. ఎక్కడ నిలబడాలి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎలా వెళ్లాలి, అదంతా సంచారంలో ఉంటుంది. గమకం కూడా అంతే. ఎల్‌ఎఫ్‌ఓతో శ్రుతిని ఊపితే కంపితం అయిపోదు, అది గడియారం లోలకంలా ఒకే కొలతలో ఊగుతుంది. తోడి గాంధారం అలా ఊగదు, కింద ఒక చోట నిలబడి, పైకి వెళ్లి, వెంటనే వచ్చేసి, మళ్లీ నిలబడుతుంది.

అలాగని పలకదని కాదు. స్లూ లిమిటర్ అనే మాడ్యూల్ వోల్టేజ్‌ని ఒక్కసారిగా దూకనివ్వకుండా జారుస్తుంది, దాంతో జారు చాలా చక్కగా వస్తుంది. తోడి గాంధారం కోసం నేను ఎల్‌ఎఫ్‌ఓ తీసేసి, స్క్రీన్ మీద నాబ్‌ని నా చేత్తోనే కదిపాను. మూడు వారాలు పట్టింది ఒక్క గాంధారానికి. వచ్చిన రోజు మా ఇంట్లో అందరినీ పిలిచి వినిపించాను. మీరు అటక మీంచి వయొలిన్ కూడా దింపండి, రెండూ పక్కపక్కన ఉండాలి.


చాపు_ఏడు:

మృదంగం వాడిని. తాళం గురించి ఒక్క ముక్క. యూక్లిడియన్ సీక్వెన్సర్ అని ఉంటుంది, ఇన్ని అడుగుల్లో ఇన్ని దెబ్బలు వీలైనంత సమానంగా పంచు అంటే పంచుతుంది. ఏడులో మూడు దెబ్బలు అడిగితే 2, 2, 3 ఇస్తుంది, దాన్ని తిప్పితే 3, 2, 2, అదే మన మిశ్ర చాపు, తకిట తకధిమి. ఐదులో రెండు అడిగితే ఖండ చాపు. గాడ్‌ఫ్రీడ్ టూసాన్ అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ 2005లో దీని మీద పేపర్ రాశాడు, దేశదేశాల సంప్రదాయ లయలు ఈ లెక్కలోంచి వస్తాయని. ఒక్కపాలి పెట్టి విను గురూ, ఆ తర్వాత ఆ దెబ్బల మీద నువ్వు చేత్తో తాళం వేస్తూ ఉండు, మెషీన్ కన్నా నీ చెయ్యి ముందు తెలుసుకుంటుంది సమం ఎక్కడో.


రుషికొండ_రెండోఅంతస్తు:

అందరూ మంచి మాటలు చెప్పారు, నేను హార్డ్‌వేర్ కొని దెబ్బతిన్నవాడిని కాబట్టి ఆ పక్క చెప్తా. రెండేళ్ల కింద వేరే ఊరి మనిషి దగ్గర ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఫిల్టర్ మాడ్యూల్ కొన్నా, పది నెలలు దాచిన డబ్బు. వెనక పవర్ రిబ్బన్ కేబుల్ పెడతారు, దానికి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, అది మైనస్ 12 పక్కకి రావాలి. ఆ మనిషి పంపిన మాడ్యూల్ మీద ఏ పక్క ఏదో గుర్తు చెరిగిపోయి ఉంది, అడిగితే ఎలా పెట్టినా పనిచేస్తుంది అన్నాడు, నమ్మి పెట్టా. స్విచ్ వేసిన క్షణం చిన్న టిక్ మని, ఆ తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ వాసన ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు. గుర్తు లేకపోతే ముందు మీటర్‌తో చూడండి, లేదా తెలిసినవాళ్లకి చూపించండి, దయచేసి ఊహించి పెట్టకండి.

రెండోది మన గాలి. మా ఇల్లు సముద్రానికి ఎదురుగా. మొదటి ఏడాది పెట్టె మూత తీసే ఉంచా, చూడ్డానికి బాగుంటుందని. వర్షాకాలం పోయేసరికి ఏ ప్యాచ్ కేబుల్ పెట్టినా గరగర. టార్చ్ వేసి జాక్ లోపల చూస్తే పచ్చగా, సన్నటి పొడిలాగా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక్కో జాక్ తుడిచా, నలభై పైన ఉన్నాయి. ఇప్పుడు మూత వేసి లోపల సిలికా జెల్ పెడుతున్నా. వైజాగ్‌లో ఎవరు కొన్నా ముందు మూత ఉన్న కేస్ కొనండి, మాడ్యూల్ తర్వాత.

నీకైతే కనీసం ఆరు నెలలు ర్యాక్‌లోనే ఉండమంటా. అందులో ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అని ఉచిత కట్ట ఉంది, పారిస్‌లో ఎమిలీ జిల్లే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల మాడ్యూల్స్ అవి. ఆవిడ తన డిజైన్లన్నీ ఓపెన్‌గా పెట్టింది, 2022లో కంపెనీ ఆపేసినా అవి బతికే ఉన్నాయి. నేను డబ్బు పోసి కొన్న శబ్దం అక్కడ ఊరికే దొరుకుతోంది.


డిజైన్_చదువు:

ఇది వేరే లోకమా అని అడిగావు కదా అన్నా, దానికి నాది ఒక జవాబు. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో 1969లోనే మూగ్ మాడ్యులర్ ఉంది. న్యూయార్క్ నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి ఆ స్టూడియో ఏర్పాటు చేశాడు. దాని వెనక గీతా సారాభాయ్ ఉన్నారు, ఆవిడే 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ అనే స్వరకర్తకి మన సంగీతం చెప్పి, ఆయన దగ్గర వాళ్లది నేర్చుకున్నారు. ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపుర, వీళ్లందరూ ఆ మెషీన్ మీద టేపులు చేశారు. తర్వాత అందరూ మర్చిపోయారు. పాల్ పర్గస్ అనే ఆర్టిస్ట్ ఆ సంస్థ ఆర్కైవ్‌లో వాటిని కనిపెట్టి బయటికి తెచ్చాడు, 2023లో రికార్డుగా వచ్చాయి, 1969 నుంచి 1972 దాకా చేసినవి.

నేను మొదటిసారి విన్నప్పుడు ఏడుపొచ్చింది. మనం ఆలస్యంగా వచ్చాం అనుకుంటాం, మూగ్ తన మాడ్యులర్ మొదలెట్టిన ఐదేళ్లకే మన దేశంలో ఒక గదిలో అది మోగుతోంది. మన తాతల తరం వాళ్లు ఆ వైర్లు పట్టుకున్నారు.


ఫార్మాబస్_వయొలిన్:

పదకొండు రోజులైంది, ఇప్పుడు రాయగలుగుతున్నా. ముందు అందరికీ దండం, ఇంత ఓపిగ్గా ఎవరు చెప్తారు.

ర్యాక్ ఎక్కించా. సముద్రం ప్యాచ్ మొదటి రాత్రే మోగింది, విన్నా, బానే ఉంది అనుకున్నా. తెల్లారి షిఫ్ట్ బస్సు దిగి ఇంటికి పోకుండా తిన్నగా జాలరిపేట వైపు వెళ్లి ఒడ్డున కూర్చున్నా. ఐదున్నర అయ్యుంటుంది, తెప్పలు ఇంకా వస్తున్నాయి. కళ్లు మూసుకున్నా. నేను పుట్టి పెరిగింది ఈ సముద్రం పక్కన, ముప్పై నాలుగేళ్లు, అల శబ్దం ఒక్కసారి కూడా ఇలా వినలేదని అప్పుడు తెలిసింది.

ముందు దబ్ మని కింద ఒకటి, అది చెవికన్నా ఛాతీకి తెలుస్తుంది. తర్వాత వెడల్పుగా పరుచుకునే హోరు. ఆ తర్వాత ఒక చిన్న ఖాళీ, నిజంగా ఒక క్షణం ఏమీ ఉండదు. అప్పుడు నీళ్లు వెనక్కి లాగేటప్పుడు సన్నగా సుయ్ మని, ఇసకలోంచి బుడగలు పేలుతూ. ఇంకోటి, అల ఒకే చోట విరగదు! ఎడమ చెవి దగ్గర మొదలై ఒడ్డు పొడుగునా చీల్చుకుంటూ కుడి చెవి దాకా పోతుంది. అరగంట అదే విన్నా.

ఇంటికొచ్చి మొత్తం మళ్లీ కట్టా. దబ్ కోసం రెడ్ నాయిజ్ వేరే ఫిల్టర్‌లో, దానికి పొట్టి ఎన్వలప్ (శబ్దం లేచి తగ్గే తీరు నడిపేది). సుయ్ కోసం వైట్ నాయిజ్ తీసుకుని వీసీఎఫ్‌లోనే ఉన్న హైపాస్ అవుట్ (కింది శబ్దం కోసేది) వాడా. ఎడమ నుంచి కుడికి పోయేది రాక మూడు రోజులు తిప్పలు పడ్డా, చివరికి టీచర్ గారు చెప్పిన స్లూ లిమిటర్ గుర్తొచ్చింది, కుడి పక్క వీసీఏకి వెళ్లే వోల్టేజ్‌ని దాని గుండా పంపితే కొంచెం వెనకబడి వస్తోంది. అల కదిలింది. హెడ్‌ఫోన్స్‌లో నా తల వెనక నుంచి వెళ్లింది.

మా అమ్మది భీమిలి. హెడ్‌ఫోన్స్ పెట్టి ఏమీ చెప్పకుండా వినిపించా. ఓ నిమిషం విని, ఇది ఇసక మీద అల కాదురా, రాళ్ల మీద అల, అంది. అంతే అంది, మళ్లీ పెట్టమని ఇంకో పది నిమిషాలు వింది. రాళ్ల మీద అని ఎందుకు అనిపిస్తోందో, ఏది మార్చాలో ఎవరైనా చెప్పగలరా?

టీచర్ గారూ, వయొలిన్ దింపా. రెండు తీగలు తెగి ఉన్నాయి, వేయించా. ర్యాక్‌లో శ్రుతి పెట్టుకుని నిన్న సరళీ వరసలు వాయించా.


అల_వెనక_అల:

అమ్మగారి చెవికి దండం పెట్టాలి బ్రో. రాళ్ల మీద అయితే నీళ్లు దిగేటప్పుడు గులకరాళ్లు ఒకదానికొకటి తగిలి పదునైన శబ్దం వస్తుంది, ఇసక అయితే మెత్తగా ఇంకిపోతుంది. నీ సుయ్‌లో పదును ఎక్కువైంది. ఆ ఫిల్టర్‌లో రెజొనెన్స్ ఉంటే సున్నా చెయ్యి, హైపాస్ నుంచి వచ్చినదాన్ని ఇంకో ఫిల్టర్‌లో లోపాస్ చేసి పైన పదును కొంచెం కోసెయ్యి, ఆ ఎన్వలప్ చివర ఇంకా పొడుగ్గా లాగు. ఆ తర్వాత అమ్మగారికి మళ్లీ వినిపించు, మాకు కాదు.


ఉక్కునగరం_ఇన్‌స్ట్రుమెంట్:

బాబూ, వచ్చే ఆదివారం పొద్దున్న ఐదున్నరకి నేను జాలరిపేట వైపు వస్తాను. బ్రెడ్‌బోర్డు, 40106, చిన్న స్పీకర్ తెస్తాను, ఎల్‌డీఆర్ ఎండకి ఎలా పలుకుతుందో సూర్యుడు పైకొచ్చేటప్పుడు చూద్దాం. రుషికొండ బాబు ఆ కాలిన మాడ్యూల్ పారెయ్యకుండా ఉంటే పట్టుకురా, సర్క్యూట్ చూస్తాను. చాలాసార్లు పోయేది ఒక్క ఐసీనే.


రుషికొండ_రెండోఅంతస్తు:

పారెయ్యలేదు మాస్టారూ, బీరువాలో ఉంది. తెస్తా.